ఆభాకు ఒక టీకా

జాతీయ డిజిటల్ ఆరోగ్య పథకం గురించి ఢిల్లీ చెబుతూ వస్తున్న మాటలన్నీ కుదించి ఒక్క వాక్యంగా రాస్తే ఇలా ఉంటుంది: పౌరులు స్వచ్ఛందంగా ఆభా నంబరు తీసుకుని, తమ సమ్మతితో, వికేంద్రీకృత వ్యవస్థ ద్వారా, తమ ఆరోగ్య రికార్డులను సురక్షితంగా పంచుకోవచ్చు. వాక్యం కూర్చింది నేనే గాని అందులోని మాటలన్నీ సర్కారువే. కరపత్రాల్లో, పార్లమెంటు జవాబుల్లో, ఆస్పత్రి గోడల మీది ఫ్లెక్సీల్లో ఇవే తిరుగుతుంటాయి. ఒక్కొక్క మాటా పట్టుకుని, కాగితం మీద దాని అర్థమేమిటో, ఓపీ కౌంటరు దగ్గరకొచ్చేసరికి అది ఏమవుతుందో చూడటమే ఈ వ్యాఖ్యానం పని.

జనం ఈ పథకాన్ని అనుమానంగా చూస్తే అధికారులు దాన్ని 'అవగాహన లోపం' ఖాతాలో వేస్తారు. సదస్సులు పెడతారు, రీల్స్ చేయిస్తారు. నాకు అలా అనిపించదు. మనవాళ్లకి డాక్టరు దగ్గర దాపరికం తక్కువ. అడగని సంగతులు కూడా చెబుతారు, పక్క పేషెంటు వింటున్నా పట్టించుకోకుండా చొక్కా ఎత్తి చూపిస్తారు. డాక్టరు తర్వాత ఆ ఫైలు ఎవరి చేతికి పోతుంది, పోకూడని చోటికి పోతే జవాబు చెప్పే దిక్కెవరు అన్న దగ్గరే వాళ్లకి అనుమానం. ఆ రెండు ప్రశ్నలకూ పథకం దగ్గర సూటి జవాబు లేదు.

పుట్టుపూర్వోత్తరాలు పొట్టిగా. 2017 జాతీయ ఆరోగ్య విధానంలో బీజం పడింది. 2018లో నీతి ఆయోగ్ 'నేషనల్ హెల్త్ స్టాక్' పేరుతో ఒక పత్రం వెలువరించింది. 2019లో జె. సత్యనారాయణ కమిటీ బ్లూప్రింట్ ఇచ్చింది. ఆయన ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్, ఆధార్ సంస్థకు చైర్మన్‌గా చేసినవారు. 2020 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని ప్రకటించారు. ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో ప్రయోగం నడిచాక 2021 సెప్టెంబరు 27న 'ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్' పేరుతో దేశమంతా మొదలైంది. నడిపేది నేషనల్ హెల్త్ అథారిటీ. ఇక మాటల్లోకి వెళదాం.

స్వచ్ఛందంగా:

ఆభా లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం నిరాకరించకూడదు. 2020 డిసెంబరులో ఆమోదించిన ఆరోగ్య సమాచార నిర్వహణ విధానం చెప్పేదిదే. అక్కడిదాకా బాగుంది. అయితే ఏడాది తిరక్కుండానే ఆ మాటకు తూట్లు పడ్డాయి. 2021లో కొవిడ్ టీకా కోసం ఆధార్ చూపించిన చాలామందికి, సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకున్నాక గాని అందులో 'యూహెచ్ఐడీ' (ఇప్పటి ఆభాయే) అని ఒక ఆరోగ్య గుర్తింపు సంఖ్య అచ్చయి ఉందని తెలియలేదు. వాళ్లు దాన్ని అడగలేదు. ఇస్తున్నామని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. టీకా కోసం తెల్లారుజామునే క్యూ కట్టిన మనిషి ఆ రోజు ఏ కాగితం మీద సంతకం అడిగినా పెట్టేవాడే. ఆ పాటి మర్యాద కూడా చేయలేదు.

తర్వాత సీజీహెచ్ఎస్ వంతు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పింఛనుదారుల వైద్య పథకమది. ఏప్రిల్ 1 నుంచి సీజీహెచ్ఎస్ కార్డును ఆభాతో జోడించడం తప్పనిసరి అంటూ 2024 మార్చిలో ఉత్తర్వు వచ్చింది. అభ్యంతరాలు వచ్చాక గడువు జరిపారు. జరిపితే జరిపారు గాని, స్వచ్ఛందమైన పనికి అసలు గడువెందుకు పెట్టినట్టు?

ఇప్పుడు కౌంటరు దగ్గరికి రండి. పెద్దాస్పత్రి ఓపీ హాలు, ఉదయం తొమ్మిదిన్నర. గోడకు క్యూఆర్ కోడ్ కాగితం టేపుతో అంటించి ఉంటుంది, ఒక మూల ఊడి వేలాడుతూ. స్మార్ట్‌ఫోన్ ఉన్న కుర్రాళ్లు స్కాన్ చేసి టోకెన్ తీసుకుని వెళ్లిపోతారు. చేతిసంచీతో వచ్చిన పెద్దావిడ దగ్గర మామూలు ఫోనే ఉంది, అదీ ఆధార్‌కు ముడిపెట్టింది కాదు. కౌంటరులో అమ్మాయి "ఆధార్ ఇవ్వమ్మా" అంటుంది. ఓటీపీ బెంగళూరులో ఉన్న కొడుకు ఫోనుకి పోతుంది. ఆవిడ కొడుక్కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి కిటికీలోంచి అందిస్తుంది. అతను ఏ పనిలో ఉన్నాడో, ఏమిటీ ఎందుకూ అని అడక్కుండానే ఆరంకెలూ గట్టిగా చదువుతాడు. క్యూలో నిలబడ్డవాళ్లందరికీ వినబడతాయి. నంబరు తయారైపోతుంది. "చీటీ రాశారా అమ్మా, రెండో అంతస్తుకేనా?" అని ఆవిడ అడుగుతుంది. ఆవిడకి కావలసింది ఓపీ చీటీ. దొరికింది చీటీ, దాంతోపాటు ఇంకోటి. ఈ దేశంలో ఆభా ఖాతాలు 70 కోట్లు దాటాయని సగర్వంగా చెబుతారు. ఆ అంకె తప్పని నేననను. ఆ 70 కోట్లలో ఇలాంటి చీటీ కోసం వచ్చినవాళ్లెందరో అది చెప్పదు.

పల్లెల్లో ఆభాలు తయారుచేసే పని ఏఎన్‌ఎంల మీదా ఆశా కార్యకర్తల మీదా పడింది. ఆశా కార్యకర్త మన వీధి మనిషి. కడుపుతో ఉన్నప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్లింది ఆవిడే, పసిపిల్లకి చుక్కలు వేయించిందీ ఆవిడే. ఆవిడ ఫోన్ తీసి "అక్కా, ఓటీపీ చెప్పు" అంటే కాదనేవాళ్లెవరు? తెలంగాణలో 2022 మార్చి 5న ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో మొదలుపెట్టిన హెల్త్ ప్రొఫైల్ కూడా ఇంటింటికీ వెళ్లి పద్దెనిమిదేళ్లు దాటిన వాళ్లందరికీ పరీక్షలు చేసి డిజిటల్ రికార్డు తయారుచేసే పనే. బీపీ, షుగరు ముందే బయటపడటం ఎంత మేలో చెప్పనక్కర్లేదు. కాని గుమ్మం ముందు, ఇరుగు పొరుగు చూస్తుండగా అడిగిన 'సరేనా' అనే ప్రశ్నకు ఒక్కటే జవాబుంటుంది.

ఇంకో సంగతి. 2023 జనవరిలో డిజిటల్ హెల్త్ ఇన్సెంటివ్ స్కీమ్ అని ఒకటి మొదలైంది. ఆభాతో ముడిపెట్టిన రికార్డుల సంఖ్యను బట్టి ఆస్పత్రులకూ ల్యాబులకూ సాఫ్ట్‌వేర్ కంపెనీలకూ ప్రోత్సాహకాలు, గరిష్ఠంగా 4 కోట్ల రూపాయల దాకా. తప్పేం కాదు, కంప్యూటర్లకీ మనుషులకీ ఖర్చవుతుంది. ఎటొచ్చీ, రికార్డు ఎవరిదో ఆ మనిషికి తన నంబరు వెనక ఇంత లెక్క నడుస్తోందని చెప్పే బోర్డు నాకైతే ఏ ఓపీ హాల్లోనూ కనిపించలేదు.

ఆభా నంబరు:

పద్నాలుగు అంకెలు. ఆధార్‌తో గాని డ్రైవింగ్ లైసెన్సుతో గాని చేయించుకోవచ్చు. దానికి తోడు ఈమెయిల్ లాంటి ఒక చిరునామా. నంబరు లోపల మీ జబ్బులేవీ ఉండవు, బ్యాంకు ఖాతా నంబరులో డబ్బుండనట్టే. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు కౌంటరుకు వెళ్లేవి కూడా పేరు, వయసు, ఫోను లాంటి వివరాలే. జబ్బు చీటీలు వెళ్లవు. క్యూలో గంట నిలబడేవాళ్లకి అది నిజమైన ఉపకారం, వెటకారం చేయాల్సిన పని లేదు.

భయం అంకెల వల్ల వచ్చింది కాదు, ఆధార్ అనుభవం వల్ల వచ్చింది. అది కూడా మొదట్లో స్వచ్ఛందమే. తర్వాత సిమ్ కార్డుకు అడిగారు, బ్యాంకు ఖాతాకు అడిగారు. ఈ రెంటికీ తప్పనిసరి చేయడం చెల్లదని 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పేనాటికి, ఇవ్వాల్సినవాళ్లలో చాలామంది ఇచ్చేసి ఉన్నారు. ఒకసారి అలా జరిగాక రెండో నంబరు విషయంలో జనం ముందే జాగ్రత్తపడితే దాన్ని మూర్ఖత్వం అనలేం.

సమ్మతితో:

ఈ పథకంలో బాగా ఆలోచించి చేసిన భాగం ఏదైనా ఉంటే ఇదే. ఒక కొత్త ఆస్పత్రికి మీ పాత రికార్డులు కావాలంటే మీ ఫోనుకి అభ్యర్థన వస్తుంది. ఎవరు అడుగుతున్నారు, ఎందుకు, ప్రిస్క్రిప్షన్లా ల్యాబ్ రిపోర్టులా డిశ్చార్జి సమ్మరీయా, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్నాళ్లు చూడొచ్చు, ఇవన్నీ అందులో ఉంటాయి. తేదీలు కుదించొచ్చు, ఒక రకం రికార్డు తీసేయొచ్చు, మొత్తానికే కాదనొచ్చు. ఇచ్చిన అనుమతిని తర్వాత రద్దు చేసుకోనూవచ్చు. దీన్ని చూసుకునే ఏర్పాటు పేరు 'కన్సెంట్ మేనేజర్'. ప్రైవేటు ల్యాబులు మన రిపోర్టులు ఎవరెవరికి వాట్సాప్‌లో పంపుతున్నాయో మనకే తెలియని ఇప్పటి పరిస్థితితో పోలిస్తే ఇది చాలా మెరుగు.

కాకపోతే, మన ఆస్పత్రుల్లో సమ్మతి అనేదానికి వేరే చరిత్ర ఉంది. ఆపరేషన్‌కి ముందు పెట్టే సంతకం గుర్తుంది కదా. ఇంగ్లిషు ఫారం, నింపని ఖాళీలు, పెన్నుతో ఇంటూ మార్కులు. "ఇక్కడ, ఇక్కడ, వెనకాల కూడా ఒకటి." థియేటర్ ముందు స్ట్రెచర్ మీద తండ్రి, చేతిలో పెన్ను. చదివి సంతకం పెడతానన్న కొడుకుని అందరూ వింతగా చూస్తారు. ఫోన్ తెరమీదికి వచ్చినంత మాత్రాన ఈ అలవాటు మారదు. పెన్ను ఉన్నచోట వేలు వచ్చిందంతే.

ఆ తెరలో 'ఎందుకు' అన్న గడి ఉందే, అది చూడాల్సింది. మిషన్ సాంకేతిక పత్రాల్లో సమ్మతికి ఆరు ప్రయోజనాలు పేర్కొన్నారు: చికిత్స, ప్రజారోగ్యం, వైద్య ఖర్చుల చెల్లింపు, ఒక జబ్బు మీద పరిశోధన, పేషెంటు తనకోసం తాను అడగడం, ఇంకా 'బ్రేక్ ది గ్లాస్'. ఈ చివరిది, పేషెంటు స్పృహలో లేనప్పుడు అద్దం పగలగొట్టి తాళం తీసుకున్నట్టు రికార్డు తెరవడానికి. అత్యవసరంలో అది ప్రాణం కాపాడుతుంది, సందేహం లేదు. అద్దం పగలగొట్టింది ఎవరో, నిజంగా అవసరమయ్యే పగలగొట్టారో లేదో కోలుకున్నాక పేషెంటుకి ఎవరు చెప్పాలి, ఎన్నాళ్లలోగా చెప్పాలి? ఓపీ హాల్లో కూర్చున్న మనిషి 'సమ్మతి' అన్నప్పుడు ఊహించుకునేది ఈ ఆరింటిలో మొదటిదాన్నే.

ఇక ఫోన్ ఎవరిదన్న ప్రశ్న. మన ఇళ్లలో చాలాచోట్ల ఆధార్‌కు ముడిపెట్టిన ఫోన్ ఇంటి మగవాడిదే. భార్య రికార్డులకి అభ్యర్థన భర్త జేబులో మోగుతుంది. కూతురి రిపోర్టు తండ్రి తెరిచి చూస్తాడు. గర్భస్రావం చేయించుకున్న స్త్రీ వివరాలు బయటపెట్టకూడదని 2021లో సవరించిన చట్టం చెబుతోంది, ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు. హెచ్‌ఐవీ ఉన్నవారి గోప్యతకి 2017 చట్టం ఉంది. మానసిక వైద్యానికి అదే ఏడాది వచ్చిన మరో చట్టం ఉంది. ఈ మూడు చట్టాలూ నోరు జారే డాక్టర్నీ నర్సునీ దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఇంట్లోనే ఉన్న ఫోను వాటి ఊహకి అందలేదు. పట్నంలో చదువుకుంటూ మానసిక వైద్యుడి దగ్గరకి వెళ్లే అమ్మాయి ఆభా వద్దంటే, అది సాంకేతికత మీద భయం అనుకోవడం ఎంత పొరపాటో ఆలోచించండి.

సమ్మతి అక్కర్లేని దారులు కూడా ఉన్నాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఏడో సెక్షన్, ప్రభుత్వ సబ్సిడీలూ ప్రయోజనాలూ ఇచ్చే సందర్భంలో, వైద్య అత్యవసరంలో, అంటువ్యాధి ముంచుకొచ్చినప్పుడు కొత్తగా సమ్మతి అడగకుండానే సమాచారం వాడుకునే వీలు ఇస్తోంది. పదిహేడో సెక్షన్ కింద కేంద్రం తను నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు చట్టం నుంచే మినహాయింపు ఇవ్వగలదు. ఆస్పత్రి ఫ్లెక్సీ మీద సమ్మతి అన్న మాట పెద్దక్షరాల్లో ఉంటుంది, ఈ సెక్షన్లు ఉండవు.

వికేంద్రీకృత వ్యవస్థ ద్వారా:

మీ రికార్డులన్నీ ఢిల్లీలో ఒక పెద్ద కంప్యూటర్‌లో పోగుపడవు, ఏ ఆస్పత్రిలో పుట్టిన రికార్డు ఆ ఆస్పత్రిలోనే ఉంటుంది, అడిగినప్పుడు మాత్రమే ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళుతుంది అని దీని భావం. నిజమే. ఒక్క తాళం పగలగొడితే 140 కోట్ల మంది గుట్టు బయటపడే ప్రమాదం ఇందులో లేదు. నంబర్ల పట్టిక, డాక్టర్ల రిజిస్ట్రీ, ఆస్పత్రుల రిజిస్ట్రీ మాత్రం కేంద్రంలోనే ఉంటాయి.

అయితే 'ఆ ఆస్పత్రిలోనే' అన్నచోట ఏముందో చూడాలి. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద రాన్‌సమ్‌వేర్ దాడి జరిగింది. ఐదు సర్వర్లలో దాదాపు 1.3 టెరాబైట్ల సమాచారానికి దొంగలు తాళం వేశారని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. దేశంలో అంత పేరున్న ఆస్పత్రి రోజుల తరబడి చేతిరాతతో ఓపీ నడిపింది. ఎయిమ్స్ గతే అలా ఉంటే, తాలూకా కేంద్రంలో పాతిక పడకల నర్సింగ్‌హోమ్ సంగతి? అక్కడ కంప్యూటర్ మనిషి, రిసెప్షన్ మనిషి, బిల్లులు కొట్టే మనిషి ఒక్కరే. పాస్‌వర్డ్ మానిటర్ అంచున అంటించిన పసుపు కాగితం మీద ఉంటుంది. వికేంద్రీకరణ అంటే పెద్ద ప్రమాదాన్ని చిన్న చిన్న ప్రమాదాలుగా పంచడం. ఆ పంపకంలో ఎక్కువ వాటా మోయలేనివాళ్ల నెత్తిన పడింది.

ఆరోగ్య రికార్డులను:

దీని మీద తగువు 2020లోనే మొదలైంది. ఆ ఏడాది ఆగస్టు 26న ముసాయిదా విధానం బయటపెట్టి, సెప్టెంబరు 3 కల్లా అభిప్రాయాలు చెప్పమన్నారు. కొవిడ్ ఉధృతంగా ఉన్న రోజులు, వారం గడువు. గగ్గోలు పుట్టాక సెప్టెంబరు 21 దాకా పొడిగించారు. 'సున్నితమైన వ్యక్తిగత సమాచారం' అన్న నిర్వచనంలో జబ్బులతో పాటు ఆర్థిక వివరాలు, లైంగిక జీవితం, కులం, మతం, రాజకీయ విశ్వాసాలు కూడా ఉండటంతో, ఇవన్నీ సేకరిస్తారా అని జనం ఉలిక్కిపడ్డారు. ఆ జాబితా ఉన్నది వాటికి ఎక్కువ రక్షణ ఇవ్వడానికి, సేకరించడానికి కాదు. ఇక్కడ విమర్శకుల్లో కొందరు తొందరపడ్డారనే అంటాను. విచిత్రం ఏమిటంటే, తర్వాత వచ్చిన 2023 చట్టంలో 'సున్నితమైన' అన్న వర్గమే లేదు. మీ క్యాన్సర్ రిపోర్టుకీ మీ షాపింగ్ బిల్లుకీ ఆ చట్టం దృష్టిలో ఒకటే హోదా. ఆరోగ్య సమాచారానికంటూ విడిగా 'దిశ' పేరుతో ఆరోగ్య శాఖ 2018లో బయటపెట్టిన ముసాయిదా చట్టం అటకెక్కింది.

వాక్యంలో కనబడని రెండు మాటలు:

మొదటిది 'పేర్లు తీసేసి'. పేర్లు తొలగించిన సమాచారాన్ని పరిశోధనకూ ప్రణాళికలకూ వాడుకోవచ్చు అంటుంది విధానం. ఇది అవసరమే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం చూడండి. దశాబ్దాలుగా అక్కడ కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇంకా తేలలేదు. నీళ్లా, నేలా, మందులా, ఎండలో పనా, అన్నీ కలిసా? ఊరూరా ఏళ్ల తరబడి క్రియాటినిన్ లెక్కలు ఒక వరుసలో దొరికితే పరిశోధకులకి అంతకంటే కావలసిందేముంది? పాలమూరు నుంచి ముంబై వెళ్లే వలస కూలీకి టీబీ మందుల లెక్క అతని వెంటే వెళితే చికిత్స మధ్యలో తెగిపోదు. డిజిటల్ రికార్డు వద్దనేవాళ్లు ఈ రెండు చోట్లకీ వెళ్లి ఆ మాట అనగలగాలి.

అదే ఉద్దానంలో ఇంకో వైపు చూడండి. ఊరి పేరు, వయసు, ఆడో మగో, వారానికి రెండు డయాలసిస్‌లు. పేరు తీసేసిన వరుసలో ఇవి మిగిలితే చాలు, ఆ ఊళ్లో ఎవరికైనా ఆ మనిషెవరో తెలిసిపోతుంది. ఆ ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉంటే సంగతి చెప్పక్కర్లేదు. ఇది ఊహాపోహ కాదు. 1990లలోనే అమెరికాలో లతాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు, పేర్లు తీసేసిన ఆస్పత్రి సమాచారాన్ని ఓటర్ల జాబితాతో పోల్చి, మసాచుసెట్స్ గవర్నరు విలియం వెల్డ్ రికార్డు ఏదో పట్టుకుంది. పుట్టినతేదీ, లింగం, పిన్‌కోడ్, ఈ మూడింటితోనే అమెరికన్లలో 87 శాతం మందిని గుర్తుపట్టొచ్చని లెక్కగట్టింది. మన దగ్గర ఓటర్ల జాబితా ఎంత సులభంగా దొరుకుతుందో అందరికీ తెలిసిందే.

రెండోది 'బీమా'. కరపత్రంలో డాక్టరు బొమ్మ ఉంటుంది, బీమా కంపెనీ బొమ్మ ఉండదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐతో కలిసి తెచ్చిన నేషనల్ హెల్త్ క్లెయిమ్స్ ఎక్స్ఛేంజ్ ద్వారా క్లెయిముల కాగితాలు ఆస్పత్రికీ కంపెనీకీ మధ్య తిరుగుతాయి. డిశ్చార్జి రోజున "అప్రూవల్ ఇంకా రాలేదండీ" అన్న మాట వింటూ సాయంత్రం దాకా బిల్లింగ్ కౌంటరు దగ్గర కాచుకున్న వాళ్లకి ఇది మంచి వార్తే. కాని పాలసీ తీసుకున్న ఐదేళ్లలోపు, పాత జబ్బు దాచారన్న కారణంతో కంపెనీ క్లెయిమును కొట్టేయగలదు. పాలసీ తీసుకోకముందు ఏనాడో జ్వరానికి వెళితే క్లినిక్‌లో నర్సు బీపీ చూసి 150/95 అని రాసిన చీటీ, ఆభాకు ముడిపడి శాశ్వతంగా ఉండిపోయి, ఎనిమిదేళ్ల తర్వాత స్టెంటు వేయించుకున్నప్పుడు సాక్ష్యంగా నిలబడితే? క్లెయిము ఫారంలో 'నా వైద్య రికార్డులన్నీ చూడటానికి ఒప్పుకుంటున్నాను' అన్న గడికి టిక్ పెట్టకపోతే క్లెయిము ముందుకు కదులుతుందా? దీనికి గట్టి నిషేధం రాసి ఉండాల్సింది. ఈ విషయంలో మాత్రం నాకు రెండో ఆలోచన లేదు.

సురక్షితంగా:

2018 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో బయటపడ్డ సంగతి ఒకటుంది. అన్న సంజీవని దుకాణాల్లో మందులు కొన్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఏ మందు కొన్నారో సహా ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరైనా చూసుకునేలా పడున్నాయి. లైంగిక సామర్థ్యం కోసం వాడే మాత్రలు కొన్నవాళ్లవి కూడా. ఎవరూ దొంగతనం చేయలేదు. పారదర్శకత పేరుతో డ్యాష్‌బోర్డు పెట్టినవాళ్లకి, అందులో మనుషులున్నారన్న స్పృహ లేకపోయింది, అంతే.

2023 జూన్ 12న టెలిగ్రామ్‌లో ఒక బాట్ కనిపించింది. ఫోన్ నంబరు కొడితే చాలు, కొవిడ్ టీకా పోర్టల్ కొవిన్‌లో ఆ నంబరుతో టీకా వేయించుకున్నవాళ్ల పేరు, పుట్టిన సంవత్సరం, ఇచ్చిన గుర్తింపు కార్డు నంబరు బయటికి వచ్చేవి. వార్తలు నిరాధారమనీ, కొంటెగా అల్లినవనీ అదే రోజు ఆరోగ్య శాఖ ప్రకటించింది. పది రోజులకి బిహార్‌లో ఒకరిని ఢిల్లీ పోలీసులు అరెస్టు చేశారు. 2024లో స్టార్ హెల్త్ బీమా ఖాతాదారుల వివరాలు, క్లెయిము కాగితాలతో సహా, టెలిగ్రామ్ బాట్ల ద్వారానే బయటపడ్డాయి. 3.1 కోట్ల మంది సమాచారం తన దగ్గరుందని దొంగ చెప్పుకున్నాడు. ఇవేవీ డిజిటల్ మిషన్ సర్వర్ల నుంచి పోయినవి కావు, ఆ తేడా చెప్పి తీరాలి. జనం మాత్రం సర్వర్ల పేర్లు గుర్తుపెట్టుకోరు. పోయిందని తెలిసిన రోజు ప్రభుత్వం ఏమందో అది గుర్తుపెట్టుకుంటారు. మొదటి మాటే 'అబద్ధం' అన్నప్పుడు, ఆ తర్వాత చెప్పే నిజానికి విలువ పోతుంది.

పోయాక దిక్కెవరు? 2023 చట్టం కింద 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. ఆ డబ్బు భారత సంచిత నిధికి, అంటే ఖజానాకి వెళుతుంది. గుట్టు బయటపడ్డ మనిషికి అందులో పైసా రాదు. అంతకుముందు ఐటీ చట్టంలో 43ఏ సెక్షన్ ఉండేది, అజాగ్రత్తగా ఉన్న కంపెనీ నుంచి బాధితుడు పరిహారం అడిగే వీలు దానితో ఉండేది. కొత్త చట్టం దాన్ని తొలగిస్తోంది. సంబంధం చెడిన అమ్మాయికి, ఉద్యోగం రాని కుర్రాడికి 'కంపెనీకి జరిమానా పడింది' అని చెబితే ఏం ఊరట?

పంచుకోవచ్చు:

కాదనే వీలు నిజంగా ఉన్న దేశాల్లో ఏం జరిగిందో చూస్తే ఈ మాట బరువు తెలుస్తుంది. ఇంగ్లండ్ జనానికి తమ ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ అంటే ప్రాణం. అక్కడ 2013లో, ఫ్యామిలీ డాక్టర్ల రికార్డులన్నీ ఒకచోట చేర్చే 'కేర్ డాట్ డేటా' పథకం వచ్చింది. 2014 జనవరిలో 2.65 కోట్ల ఇళ్లకు కరపత్రాలు పంపామన్నారు. చాలామంది తమకు అందనే లేదన్నారు, అందినవి ప్రకటనల కాగితాలతో పాటే చెత్తబుట్టలోకి పోయాయి. సరిగ్గా ఆ ఫిబ్రవరిలోనే, 4.7 కోట్ల మంది పేషెంట్ల పదమూడేళ్ల ఆస్పత్రి సమాచారం బీమా లెక్కలు వేసే నిపుణుల సంఘానికి చేరిందన్న వార్త పేలింది. పథకం ఆగింది, 2016 జులైలో రద్దయింది. 2021లో వేరే పేరుతో మళ్లీ మొదలుపెట్టబోతే, కొద్ది వారాల్లోనే పది లక్షల మందికి పైగా తమ పేర్లు తీయించుకున్నారు. అది కూడా వాయిదా పడింది. డాక్టరు మీద అంత నమ్మకమున్న జనం అలా ఎందుకు చేశారు? మన ఓపీ హాల్లో పెద్దావిడకి మాటల్లో పెట్టడం రాని ప్రశ్నే వాళ్లూ అడిగారు.

ఆస్ట్రేలియాలో 2018లో 'మై హెల్త్ రికార్డ్' అందరికీ తయారుచేస్తాం, వద్దనుకున్నవాళ్లు చెప్పండి అన్నారు. దాదాపు 25 లక్షల మంది వద్దన్నారు. ఆ ఒత్తిడితో చట్టమే మార్చారు: కోర్టు ఉత్తర్వు లేకుండా పోలీసులు రికార్డు చూడకూడదు, తొలగించమంటే శాశ్వతంగా తొలగించాలి. పథకం మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. జనం అనుమానం పథకాన్ని చంపలేదు, బాగుచేసింది.

మన దగ్గర కావలసినవి కూడా పెద్ద కోరికలేమీ కావు. ఆభా ఉన్నా లేకున్నా ఒకే క్యూ, ఒకే మర్యాద. బీమా కంపెనీకీ ఉద్యోగమిచ్చేవాడికీ పాత రికార్డులు చూసే దారి చట్టంతోనే మూసేయడం. నా రికార్డు ఎవరు, ఎప్పుడు తెరిచారో ఓటీపీ వచ్చినంత సులభంగా తెలుగులో నాకు సందేశం రావడం. పోతే పరిహారం. ఈ నాలుగూ ఉంటే నేనే నా ఇంట్లో అందరిచేతా ఆభా తీయిస్తాను. అమ్మ రిపోర్టుల సంచీ మోయడం నాకేం సరదా కాదు.

ఈలోగా చదువరులకు తెలియాల్సింది ఒకటుంది. డేటా రక్షణ చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ఆ చట్టంలోనే సమాచార హక్కును కుదించే సవరణ ఒకటుంది, అది అదే నెలలో అమల్లోకి వచ్చింది. తన సమాచారం మీద పౌరుడికి హక్కులిచ్చే సెక్షన్లకు మాత్రం పద్దెనిమిది నెలల వాయిదా. అంటే 2027 మే దాకా ఆగాలి.